కొర్రమీను పాసు చేసిన నీళ్లు

మా మేనత్త పెద్దింట్లమ్మకి పోలీసులంటే భయం లేదు, పాములంటే భయం లేదు, మా మావయ్య కాశీరావంటే అసలే లేదు. ఆమె భయపడేది ఒక్క మంచినీళ్లకే. కొల్లేట్లో పుట్టి, నడక కన్నా ముందు ఈత నేర్చిన మనిషి గ్లాసెడు నీళ్లకి భయపడడమేమిటని నవ్వకండి. చిన్నప్పుడు దోనెలో పోతూ పక్కకి వంగి దోసిలి పట్టి తాగిన సరస్సులోనే తర్వాత చేపల చెరువులు వెలిశాయి, మేతలూ మందులూ కలిశాయి. ఆ నీళ్లే తాగుతూ మా నాయనమ్మ, అంటే ఆమె కన్నతల్లి, కామెర్లతో పోయింది. అప్పట్నించీ ఎవరు గ్లాసు అందించినా అత్త ముందు వాసన చూస్తుంది, తర్వాత వెలుతురుకి ఎత్తి చూస్తుంది, ఆ తర్వాత ఇచ్చినవాళ్ల మొహం చూస్తుంది. కాపరానికొచ్చిన రోజున అత్తగారిచ్చిన గ్లాసుని కూడా గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండలో పట్టి చూసిందట. పిల్లకి చూపు ఆనదేమోనని అత్తవారు వారం రోజులు బెంగపెట్టుకున్నారట.

అత్తవారిల్లు బెజవాడలో గుణదల. రైలు గేటు అవతల ఓ ఇరుకు సందు. మావయ్య తెల్లారుజామున రిక్షా తొక్కుకెళ్లి పెద్ద మార్కెట్ నుంచి చేపలు తెచ్చేవాడు, అత్త సెంటర్లో సత్తు బేసిన్లు పరుచుకుని అమ్మేది. బొచ్చె, రాగండి కూడా ఉండేవి గానీ ఆమె పేరంతా కొర్రమీను మీదే నిలిచింది. పాము తలకాయతో నల్లగా నిగనిగలాడే ఆ చేపని బతికుండగానే అమ్మాలి, చచ్చిందంటే సగం ధర కూడా రాదు. "మా కొర్రమీనుని బురదలో పూడ్చినా బతుకుద్దండీ, మీ ఫ్రిజ్జులో పెట్టినా లేచి కూర్చుంటది" అని అత్త కేకేస్తే బెంజ్ సర్కిల్ నుంచి కూడా స్కూటర్లేసుకుని వచ్చేవాళ్లు. ఈ కేక గుర్తుపెట్టుకోండి. మేమెవ్వరం పెట్టుకోలేదు.

తొంభై నాలుగులో సందువాళ్లంతా కలిసి అత్త ఇంటి ముందు బోరింగు వేయించారు. కుళాయిలు అప్పటికే ఉన్నాయి, కానీ అవి రోజుకో గంట, అదీ ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చేవి. బోరింగులో నీళ్లు పడగానే సందు రెండు పార్టీలయింది. కుళాయి పార్టీకి నాయకుడు రత్తయ్య గారు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. ఇంట్లో పంక్తి భోజనాలకి కూడా "జరగండి, ముందుకి జరగండి" అంటాడని వాళ్లావిడ పద్మావతమ్మ గారు మొత్తుకునేది. గవర్నమెంటు ఇచ్చినవే నీళ్లని ఆయన వాదన. చేతికందే నీళ్లుండగా కుళాయి ముందు జాగారం ఎందుకని రెండో పార్టీ వాదన.

అత్త ఏ పార్టీలోనూ చేరలేదు. పరీక్ష పెడదామంది. కొల్లేట్లో మా వాళ్లకి ఓ పాత అలవాటుంది. కొత్త గుంటలో నీళ్లు తాగే ముందు అందులో ఓ చేపని వదులుతారు. తెల్లారేసరికి అది బతికుంటే బిందె ముంచుతారు, లేదంటే దణ్ణం పెట్టి వేరే గుంట చూసుకుంటారు. అత్త అదే పద్ధతిలో అరుగు మీద రెండు బేసిన్లు పెట్టి, ఒకదాన్లో కుళాయి నీళ్లు, ఒకదాన్లో బోరింగు నీళ్లు పోయించి, ఒక్కోదాన్లో ఒక్కో కొర్రమీనుని వదిలింది. సందు మొత్తం గుమిగూడింది.

ఆ వారం ఊళ్లో విరేచనాలు ప్రబలాయని మున్సిపాలిటీవాళ్లు కుళాయి నీళ్లలో బ్లీచింగు కాస్త ధారాళంగా కలిపారు. ఆ సంగతి సందులో ఎవరికీ తెలీదు. చేపకి తెలిసింది.

కుళాయి బేసిన్లో చేప రెండుసార్లు గిరగిరా తిరిగి, తోక విసిరి, ఒక్క ఎగురులో గచ్చు మీద పడింది. కొర్రమీను నేల మీద పాకగలదని చేపలవాళ్లకి తెలుసు గానీ ఆర్టీసీవాళ్లకి తెలీదు. అది మెట్లు దిగి సందులో పడేసరికి రత్తయ్య గారు అలవాటు చొప్పున "ఆపండి, ఆపండి" అని కేకేశాడు. ఎవరాపుతారు? కోళ్లు ఎగిరాయి, సైకిలాయన పడ్డాడు, పడ్డాయన మీద మావయ్య పడ్డాడు. చేప మాత్రం ఎవరికీ చిక్కకుండా పాక్కుంటూ పోయి, తనంతట తనే బోరింగు చప్టా పక్కన నిలిచిన నీళ్లలో దిగి హాయిగా పడుకుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? రత్తయ్య గారు ఆ సాయంత్రమే పార్టీ మారాడు. మారినవాడు ఊరుకోకుండా ఆ చేపకి ఇంజినీరు గారు అని పేరు పెట్టాడు.

ఇంజినీరు గారిని అత్త అమ్మలేదు, వండలేదు. అరుగు మీద సిమెంటు తొట్టిలో కాపరం పెట్టించింది. ఆ చేప పోతే అదే తొట్టిలోకి ఇంకో చేప ఇంజినీరు గారై వచ్చేది. బదిలీ మీద వచ్చారనేవాళ్లు. పక్క సందుల్లో ఎవరింట కొత్త బోరు పడినా కబురొచ్చేది. మావయ్య రిక్షాలో చిన్న గాజు తొట్టి, తొట్టిలో చేప, పక్కన అత్త. ఓసారి పెళ్లివారు ఇంజినీరు గారిని కల్యాణ మండపానికి పిలిపించి, అక్కడి నీళ్లు పాసయ్యాక తొట్టికి పసుపు రాసి తాంబూలం ఇచ్చారు. ఇంటికొచ్చాక ఆ తాంబూలం ఎవరికి చెందుతుందని అత్తా మావయ్యా పోట్లాడుకున్నారు.

నేను ఆమె అన్న కూతుర్ని, హేమని. డిగ్రీ చదవడానికి తొంభై ఏడులో వాళ్లింట్లో దిగాను. తర్వాత పెళ్లి, స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం, అన్నీ గుణదలలోనే కావడంతో ఆ సందు వదిలింది లేదు. పిల్లలకి నీటి కాలుష్యం పాఠం చెప్పి, ఇంటికొచ్చి అత్త ముంచిచ్చిన బోరింగు నీళ్లు గటగటా తాగేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ నీళ్లు బాగుండేవి. చల్లగా, కమ్మగా, గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చేది. అత్త పక్కన నిలబడి నేను తాగడం చూసి మురిసిపోయేది. ఎక్కిళ్లొచ్చినా నీళ్లే, ఏడుపొచ్చినా నీళ్లే, పరీక్ష తప్పినా నీళ్లే.

సందు వెనక మూతపడ్డ పురుగుమందుల గోడౌను ఒకటుండేది. నడిచే రోజుల్లో తేదీ దాటిన డబ్బాల్ని అవతల గొయ్యి తీసి అందులోనే పూడ్చేవాళ్లని ఊరందరికీ తెలుసు. వానొస్తే అటునుంచి ఘాటు వాసన వచ్చేది. ఆ స్థలంలో గడ్డి సరిగా మొలవదు కనక కుర్రాళ్లకి క్రికెట్టు ఆడుకోను బాగా పనికొచ్చింది. మా సందులో చీమలు కూడా తక్కువే. దాన్ని కూడా మేం గొప్పగా చెప్పుకునేవాళ్లం. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, మా సందులో లేనివన్నీ మాకు గొప్పలే.

ఉన్నదొకటి పెరుగుతూ వచ్చింది. షుగరు. మావయ్యకి నలభై దాటీదాటగానే వచ్చింది. రిక్షా తొక్కే మనిషి, ఒంట్లో కొవ్వంటూ లేనివాడు, అయినా వచ్చింది. అత్త నేరం మొత్తం బందరు లడ్డూ మీద మోపింది. ఇంట్లో లడ్డూ కనిపిస్తే కేసే. ఆ తర్వాత రత్తయ్య గారికొచ్చింది, ఆయనకి మామిడిపళ్లు ముద్దాయిలు. ఇస్త్రీ బండి హనుమయ్యకొచ్చింది, ఆయన తీపి ముట్టడు కాబట్టి నేరం వాళ్ల నాన్న మీదకి పోయింది. ఒక్కొక్కరికీ ఒక్కో కారణం దొరికింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని మాత్రలు పోల్చుకుంటూ, గొంతెండుతోందని బోరింగు కొట్టుకుని చెంబులు చెంబులు తాగేవాళ్లు.

ఇక నాగదుర్గ. అత్తకి ఒక్కతే కూతురు. బోరింగు పడేనాటికి పదేళ్ల పిల్ల, ఆ నీళ్లతోనే పెరిగింది. కంకిపాడులో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న హేమసుందర్‌కిచ్చి చేశారు. పెళ్లైన రెండో ఏడే కడుపు పోయింది. ఆ ఏడాదంతా అత్త సెంటర్లో కేకెయ్యడం మానేసి మాట్లాడకుండా చేపలు తూచింది. మళ్లీ నెల తప్పిందని రెండువేల ఆరు సెప్టెంబరులో కబురొచ్చినప్పుడు మాత్రం బేసిన్లు రోడ్డు మీదే వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చింది. ఆ ఊళ్లో నీళ్లు ఎలాంటివో ఏమోనని అయిదో నెలలోనే కూతుర్ని పుట్టింటికి తెచ్చేసింది. పిల్ల మెత్తగా నవ్వే మనిషి, వాళ్లమ్మతో వాదించే ఓపిక లేనిది. వచ్చిన గంటలోనే అత్త రెండు గ్లాసుల బోరింగు నీళ్లు పట్టించింది.

బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టర్ సుబ్బరత్నం గారికి చూపించాం. రక్తపరీక్ష చేయిస్తే నాగదుర్గకి షుగరు బయటపడింది. కడుపుతో ఉన్నప్పుడు ఇలా రావడం ఉందనీ, జాగ్రత్తగా అదుపులో పెట్టకపోతే బిడ్డ మరీ పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందనీ, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమేననీ ఆవిడ నెమ్మదిగా చెప్పింది. అత్త కుర్చీ అంచు పట్టుకుని వింటోంది.

తర్వాత డాక్టరు గారు మీరుండేది ఏ సందని అడిగింది. చెబితే కళ్లజోడు తీసింది. ఆ సందునుంచి చిన్నవయసువాళ్లు షుగరుతో రావడం ఆమె కొన్నాళ్లుగా గమనిస్తోందట. తాగే నీళ్లెప్పుడైనా పరీక్ష చేయించారా అని అడిగింది. అత్త నిటారుగా కూర్చుని, చేయించామనీ ఇంజినీరు గారే వచ్చి చూశారనీ చెప్పింది. ఏ డిపార్టుమెంటు ఇంజినీరని డాక్టరు గారు పెన్ను తీసుకుంది. నేను నాగదుర్గ వంక చూశాను, నాగదుర్గ ఫ్యాను వంక చూసింది. చివరికి నేనే చెప్పాల్సొచ్చింది, ఆయన తొట్టిలో ఉంటారని.

డాక్టరు గారు నవ్వలేదు. అందుకు ఆవిణ్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. "ఈ నీళ్ల వల్లే వచ్చిందని నేను చెప్పలేనమ్మా," అంది. "షుగరుకి చాలా కారణాలుంటాయి. కానీ కొన్ని విషపదార్థాలు ఏళ్ల తరబడి నీళ్లతో ఒంట్లోకి పోతుంటే షుగరొచ్చే అవకాశం పెరుగుతుందని ఇప్పుడు పరిశోధనలు చెప్తున్నాయి. వాళ్ల నాన్నకి షుగరుంది, దాన్ని నేను మార్చలేను. మీరు తాగే నీళ్లు మార్చుకోవచ్చు కదా."

నేను సీసాతో బోరింగు నీళ్లు పట్టి, కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన మేడం ద్వారా లాబ్‌కి పంపించాను. కొన్నాళ్లకి ఫోనొచ్చింది. నీళ్లలో పురుగుమందుల అవశేషాలున్నాయి, ఆర్సెనిక్ కూడా ఉండాల్సినదానికన్నా ఎక్కువుంది. మరిగిస్తే పోయేవి కావు, రుచికీ వాసనకీ తెలిసేవి కావు, తాగొద్దని చెప్పారు. నేను వెంటనే సందు వెనక గోడౌను వంక చూశాను. పదేళ్లు దాన్ని చూస్తూనే ఉన్నాను, ఆరోజే కనిపించింది.

అత్తకి చెబితే కొట్టినంత పని చేసింది. సీసాలో పోసి పొడులు కలిపి చూస్తే ఏం తెలుస్తుందట, ప్రాణమున్నదానికి కదా తెలిసేది. కుళాయి నీళ్లు విషమని కళ్లారా చూశాం కదా అంది. బ్లీచింగు చేప మొప్పలకి పడదనీ, మనం తాగే మోతాదులో అది మనల్ని క్రిముల నుంచి కాపాడుతుందనీ, రాత్రంతా బిందెలో ఉంచితే ఆ వాసన కూడా చాలావరకు పోతుందనీ నేను పాఠంలా చెప్పాను. "అమ్మని మింగిన నీళ్లు చూశానే నేను. నా కూతురికి చూసి చూసి చెడ్డ నీళ్లిస్తానా?" అంది.

ఆ నెలంతా మా ఇంట్లో యుద్ధం. నేను కుళాయి నీళ్లు కాచి చల్లార్చి సీసాల్లో పెట్టి వెళ్లేదాన్ని, అత్త వాటితో గిన్నెలు తోమించేది. నాగదుర్గ నేనుంటే నా సీసా, వాళ్లమ్మ ఉంటే వాళ్లమ్మ గ్లాసు తాగేది. ఇద్దరం ఉంటే దాహం లేదనేది. హేమసుందర్ కంకిపాడు నుంచి వచ్చి, తీసుకెళ్లిపోతానని మెత్తగా అంటే అత్త గట్టిగా ఏడ్చింది. మావయ్య మధ్యలో దూరి, పోనీ ఇంజినీరు గారిని ఇంకోసారి కనుక్కుందామన్నాడు. కనుక్కున్నారు. ఇంజినీరు గారు బోరింగు నీళ్లలో శుభ్రంగా బతికి మళ్లీ పాసు చేశారు. ఇటు డాక్టరు గారి దగ్గర నాగదుర్గ షుగరు దిగాల్సినంత దిగలేదు, ఇన్సులిన్ మొదలుపెట్టాల్సొచ్చింది.

ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లు. ఆ మూడు రోజులూ జనం కాలు పెట్టే చోటుండదు. ఏటా మా సందువాళ్లు రోడ్డు మీద చలివేంద్రం పెడతారు. రత్తయ్య గారి ఆధ్వర్యంలో పందిరి, పందిట్లో బోరింగు నీళ్ల డ్రమ్ములు, డ్రమ్ముల పక్కన బల్ల మీద పూలదండతో ఇంజినీరు గారి గాజు తొట్టి. "స్వయంగా చేప పరీక్షించిన స్వచ్ఛమైన నీరు" అని బట్ట మీద రాయించాడు. జనం నీళ్లు తాగి చేపకి కూడా ఓ దణ్ణం పెట్టి కొండెక్కేవాళ్లు.

మొదటి రోజు పొద్దున అత్త సెంటర్లో చేపలమ్ముతోంది. నేను పక్కన నిలబడి మళ్లీ అదే గొడవ పెట్టుకుంటున్నాను. ఇంతలో బసవపున్నయ్యగారనే కంకిపాడు పెద్దమనిషి వచ్చాడు. కూతురు పురిటి నుంచి లేచిందట, కొర్రమీను పులుసు పెట్టాలట. మంచి చేపనే ఎంచుకున్నాడు గానీ ఆయనకో అనుమానం. తిరునాళ్ల రద్దీలో బస్సు ఎప్పుడు దొరుకుతుందో, సంచీలో నీళ్లు కూడా లేకుండా అది కంకిపాడు దాకా ఉంటుందా?

అత్త నా మీది కోపమంతా కేకలో పెట్టింది. "నీళ్లతో పనేంటండీ దానికి? తడి గోనె చుట్టండి చాలు. బురదలో పూడ్చినా బతుకుద్ది, మురుక్కాలవలో పడేసినా బతుకుద్ది, దీనికేవిటండీ, ఎందులో వేసినా..."

అక్కడ ఆగిపోయింది. పాతికేళ్లుగా రోజూ వేసే కేక. నోరు తెరిచే ఉంది, మాట రావడం లేదు. బసవపున్నయ్యగారు ఆమె గుండె పట్టుకుందేమోనని నా వంక చూశాడు. అత్త చేతిలో చేపని చూసింది, నన్ను చూసింది, మళ్లీ చేపని చూసింది. తర్వాత దాన్ని ఆయన సంచీలో పడేసి, లేచి చీర చెంగు దోపుకుని, బేసిన్లు మావయ్యకి వదిలేసి నడక మొదలెట్టింది. మావయ్యకి చేపలు తేవడం తెలుసు గానీ అమ్మడం తెలీదు, ఆ రోజు మా వ్యాపారం ఏమైందో అడగొద్దు.

ఆమె వెనక నేను పరిగెత్తాను. జనం ఎదురొస్తున్నారు, కొవ్వొత్తులూ కొబ్బరికాయలూ గుండు కొట్టించుకున్న పిల్లలూ. అత్త అందర్నీ తోసుకుంటూ సరాసరి చలివేంద్రంలోకి వెళ్లి, ఓ ప్లాస్టిక్ బక్కెట్టు లాక్కుని, పందిరి పక్కనే పారుతున్న మురుక్కాలవలో ముంచింది. నల్లటి నీళ్లు. గాజు తొట్టిలో చెయ్యి పెట్టి ఇంజినీరు గారిని దండతో సహా తీసి ఆ బక్కెట్లో వేసింది. పద్మావతమ్మ గారు ముక్కు మూసుకుంది. జనం మూగారు.

ఇంజినీరు గారు ఓ చుట్టు తిరిగి, మూతి పైకెత్తి గుక్కెడు గాలి పీల్చుకుని, అడుక్కి దిగి పడుకున్నారు. మహా సుఖంగా ఉన్నారు.

రత్తయ్య గారికి ఏం అర్థమయిందో గానీ గట్టిగా నవ్వాడు. మన ఇంజినీరు మురుక్కాలవని కూడా పాసు చేసేశాడని జనానికి చాటాడు. నలుగురూ నవ్వారు. అత్త ఓ స్టీలు గ్లాసు తీసి బక్కెట్లో ముంచి ఆయన ముందు పట్టింది.

"అయితే తాగండి అన్నయ్య గారూ."

రత్తయ్య గారు వెనక్కి జరిగాడు. జీవితంలో ముందుకి కాక వెనక్కి జరగడం అదే మొదలని తర్వాత పద్మావతమ్మ గారు చెప్పుకునేది.

"తాగరేం? చేప పాసు చేసిందిగా. ఇన్నేళ్లూ ఆ బోరింగు నీళ్లు ఎవరు పాసు చేశారు? ఇదేగా. ఇది ఎందులోనైనా బతుకుద్దని ఊరందరికీ అరిచి అమ్మినదాన్ని నేనే. ఇంటికొచ్చి మీ అందరిచేతా తాగించినదాన్నీ నేనే." అంతవరకూ గొంతు గట్టిగానే ఉంది. ఆ తర్వాత విరిగిపోయింది. "నా కూతురిచేత కూడా తాగించానండీ. గ్లాసు నోటికి పెట్టి మరీ తాగించాను."

ఆమె నలుగురిలో ఏడవడం ఎవరూ చూడలేదు అంతవరకూ. నడిరోడ్డు మీద, తిరునాళ్ల జనం మధ్య, చేతిలో మురుగు గ్లాసుతో వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. రత్తయ్య గారు తలపాగా తీసి భుజాన వేసుకుని, బోరింగు డ్రమ్ము పక్కకి వంచాడు. చూస్తుండగానే రెండోది హనుమయ్య వంచాడు.

అప్పుడు కొత్త చిక్కొచ్చి పడింది. ఎండ ముదురుతోంది, జనం గ్లాసులు పట్టుకు నిలబడ్డారు, నీళ్లు లేవు. పద్మావతమ్మ గారు గొంతు సవరించుకుంది. వాళ్లింట్లో కుళాయి నీళ్లున్నాయంది, నిండు గంగాళం. కుళాయి నీళ్లెందుకున్నాయని రత్తయ్య గారు అడిగాడు. బోరింగు కొడితే భుజం పీకుతోందని ఆవిడ అసలు పార్టీయే మారలేదట. భర్తకి బోరింగు నీళ్లు, తనకి కుళాయి నీళ్లు, ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో రెండు బిందెలు, ఆయనకి తెలీదు. ఆవిడకి షుగరు లేదు. ఒక్క మనిషిని చూసి ఏదీ తేల్చకూడదని డాక్టరు గారు తర్వాత చెప్పింది గానీ, సందు అప్పటికే తేల్చేసింది. మర్నాటి నుంచి కుళాయి దగ్గర బిందెల వరస రైలు గేటు దాకా ఉండేది. ముందుకి జరగండని చెప్పడానికి రత్తయ్య గారికి మళ్లీ ఉద్యోగం దొరికింది.

మా పిటిషన్ల మీద చాలాసార్లు తిరిగాక మున్సిపాలిటీవాళ్లు వచ్చి మళ్లీ పరీక్ష చేసి బోరింగుకి ఎర్రరంగు కొట్టారు. కుళాయి ఇంకో గంట పెంచారు. గోడౌను స్థలం సంగతి మాత్రం చూస్తామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

నాగదుర్గకి మిగిలిన నెలలు లెక్క ప్రకారం తిండి, నడక, ఇన్సులిన్. నీళ్లు మారినంత మాత్రాన వచ్చిన షుగరు వెనక్కి పోదని డాక్టరు గారు ముందే చెప్పింది. అందుకని అత్త దేన్నీ వదల్లేదు. కూతురు ఒక ముద్ద ఎక్కువ తిన్నా పళ్లెం లాగేసుకునేది, సందు చివరిదాకా నడిపించి, తను చేపల తట్టతో పక్కనే నడిచేది. ఇద్దరూ పోట్లాడుకుంటూ వెళ్లి పోట్లాడుకుంటూ వచ్చేవాళ్లు. వాదించే ఓపిక నాగదుర్గకి ఆ నెలల్లోనే వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. ఉండాల్సినంతే బరువు, అవసరానికి మించిన గొంతు. ఆసుపత్రి వరండాలో మావయ్య గంతులేస్తే చెప్పు ఎగిరి నర్సు ట్రేలో పడింది. కాన్పయ్యాక నాగదుర్గ షుగరు మామూలుకి దిగింది. ఏటా పరీక్ష మాత్రం చేయించుకోవాలనీ, ముందు ముందు మళ్లీ వచ్చే అవకాశం ఉందనీ డాక్టరు గారు చెప్పింది. అత్త తలూపి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

పురుడు లేచాక బాలింతకి కొర్రమీను పులుసు పెట్టాలి కదా. మావయ్య కళ్లు అరుగు మీది తొట్టి మీద పడ్డాయి. ఇంజినీరు గారు బాగా బలిశారు కూడా. ఇంత మోసం చేసినందుకు పులుసులో వేసినా పాపం లేదన్నాడు. అత్త కత్తిపీట దగ్గరికి రానివ్వలేదు.

"అది ఏం మోసం చేసింది? నువ్వు బతుకుతావా అనే దాన్ని అడిగాను. బతుకుతానంది. నా పిల్ల బతుకుద్దా అని ఎప్పుడన్నా అడిగానా?"

ఆ సాయంత్రం నేనూ అత్తా గాజు తొట్టి మోసుకెళ్లి ఇంజినీరు గారిని ఏలూరు కాలవలో వదిలేశాం. తోకతో మా మొహాల మీద నీళ్లు కొట్టి పోయారు, రిటైర్మెంటు సన్మానం కూడా లేకుండా. అత్త మొహం తుడుచుకుంటూ, ఈ కాలవ కూడా పాసేనని నవ్వింది. నేను నవ్వాను. ఇద్దరం నవ్వు ఆపుకోలేక కాలవ గట్టు మీద కూలబడ్డాం.

ఇంటికొచ్చేసరికి నాగదుర్గ పిల్లకి పాలిస్తూ దాహమంది. అత్త కాచి చల్లార్చిన కుళాయి నీళ్లు గ్లాసులో పోసి తెచ్చింది. ఎప్పుడూ తెచ్చినట్టు విసురుగా కాదు, రెండు చేతులతో పట్టుకుని తెచ్చి గుమ్మంలో కాస్త ఆగింది. నాగదుర్గ గ్లాసు అందుకుని ముందు వాసన చూసింది. వెలుతురుకి ఎత్తి చూసింది. ఆ తర్వాత వాళ్లమ్మ మొహం చూసింది. చూసి, తాగింది.